మక్కీకి మక్కీ

లెవాన్‌ను చంపిన ఆయుధం ఏజెంట్ హాల్‌వర్ మొయెన్ చేతిలోనే ఉంది. అది లెవాన్ సొంత ఫోన్.

పోయినేడు గుడ్ ఫ్రైడే నాడు సహాయక దళం వాళ్లు మంచు తవ్వి ఆ మనిషిని బయటికి తీసేసరికి ఒళ్లు కొయ్యబారిపోయింది గానీ ఫోన్ మాత్రం బతికే ఉంది. తెర మీద పర్వత హెచ్చరిక కార్యాలయం వారి పేజీ, ఆకుపచ్చ రంగులో. "మంచు చరియల ప్రమాదం: ఒకటో స్థాయి. నిశ్చింతగా బయల్దేరండి." నిజానికి ఆ పొద్దున కార్యాలయం ప్రకటించింది నాలుగో స్థాయి, ఎరుపు. సొంత దేశపు సర్కారు గుట్టు రట్టు చేసి నార్వేకి పారిపోయి వచ్చిన పాత్రికేయుడు లెవాన్. అతనికి కాపలా హాల్‌వర్. చంకలో పిస్తోలు, స్కీ కర్రలో ట్రాన్స్‌మీటర్, బూటు మడమలో కత్తి, అన్నీ ఉండి ఆ మంచు కుప్ప ముందు దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. ఎవరిని కాల్చాలి? కొండనా?

ఏడాది తిరిగింది. మళ్లీ ఈస్టర్ వచ్చింది.

గురువారం పొద్దున ఓస్లోలోని రహస్య విభాగం ఆఫీసులో ఇద్దరే మిగిలారు. దేశం దేశమంతా స్కీలు, నారింజపళ్లు, చాక్లెట్లు, చదువుకోడానికి తలా ఒక హత్యల పుస్తకం కారులో వేసుకుని కొండలెక్కేసింది. చీఫ్ సోల్వై కూడా ఊలు స్వెటర్ వేసుకుని ప్రయాణానికి సిద్ధంగా ఉంది. ముందు పాల డబ్బా. దాని మీద అచ్చేసిన బొమ్మల హత్యకథ చదువుతూ తాగుతోంది. ఈ వారంలో ఇక్కడ పాల డబ్బాలకి కూడా శవాలు కావాలి.

"కూర్చో హాల్‌వర్. మా ఆయన కింద హారన్ కొట్టేలోపు చెప్పేస్తా. లెవాన్‌ను చంపినవాళ్ల కొత్త టార్గెట్, జడ్జి మాగ్న్‌హిల్డ్ రోస్త్."

"ఓడ కేసు జడ్జి?"

"ఆవిడే. మన సముద్రం అడుగున కేబుళ్లు కోస్తూ దొరికిన ఓడ. మంగళవారం తీర్పు. అప్పటికి ఆవిడ బతికుంటే ఓడా, అందులో దొరికిన వాళ్ల గూఢచారులూ మన చేతిలో ఉంటారు. లేదంటే కేసు మొదటికొస్తుంది, ఓడ వెళ్లిపోతుంది."

"ఎక్కడుంది?"

"స్కార్వ్ లోయ, పై క్యాబిన్, స్కీలవాళ్లందరూ కలిసి దిగే బస. ఏటా అక్కడికే. శనివారం పొద్దున స్కీల మీద శిఖరం ఎక్కుతుంది. ఒక మనిషిని తోడు పంపుతానంటే ఏమందో తెలుసా? 'ఈస్టర్‌లో నా వెనక ఎవడైనా కనిపిస్తే వాడి మీదే కేసు పెడతా' అంది."

"ఫోన్ చేసి..."

"ఆ లోయలో సిగ్నల్ లేదు. క్యాబిన్ గోడకి ఒక టాబ్లెట్ తగిలించి ఉంటుంది, ఉపగ్రహం నెట్‌తో. పొద్దున్నే అందులో లోయ పేరు కొడతారు. మొదట ఏ పేజీ వస్తే దాన్ని చూస్తారు. ఎరుపైతే ఆగుతారు, ఆకుపచ్చయితే బయల్దేరతారు."

హాల్‌వర్‌కి లెవాన్ ఫోన్ గుర్తొచ్చింది. "మొదట వచ్చేది మన కార్యాలయం పేజీయే కదా?"

"కాదు. అదే నీ పని." కింద హారన్ మోగింది. చీఫ్ లేచి పాల డబ్బా చంకన పెట్టుకుంది. కథ ఇంకా అయిపోలేదు మరి. "లోయ స్టేషన్ కాఫీ హోటల్లో ఇలోనా ఉంటుంది. కోడ్, మైనం."

"ఇలోనా మన మనిషేనా?"

"మన మనిషే. వాళ్ల మనిషి కూడా. పండగ బాగా చేసుకో."

ఈస్టర్ వారంలో ఈ దేశంలో మారువేషం శుద్ధ దండగ. అందరికీ అదే ఎర్ర కోటు, అదే ఎండకి కమిలిన ముక్కు. హాల్‌వర్ కూడా ఎర్ర కోటే తొడుక్కుని సాయంత్రానికల్లా ఆ కాఫీ హోటల్లో దిగాడు. ఇలోనా మాత్రం తెల్ల బొచ్చు టోపీ, నల్ల కళ్లద్దాలు, పెదాలకు రంగుతో, తప్పు రైలెక్కి వచ్చిన మహారాణిలా కూర్చుని ఉంది. గూఢచారి ఎక్కడున్నా కనపడకూడదన్న నియమం ఆమెకి వర్తించదు.

"స్కీలకి మైనం ఏది పూస్తున్నారు?" అన్నాడు.

"పొద్దున నీలం, మధ్యాహ్నానికి ఎరుపు," అని కుర్చీ చూపించింది. "కూర్చో హీరో. నీ ముఖం చూస్తే ఎవరినో కాల్చడానికి వచ్చినట్టున్నావ్. కాల్చడానికి ఇక్కడ ఎవరూ లేరు."

"తెలుసు. పోయినేడే తెలిసింది."

ఆమె నారింజ తొక్క తీస్తూ చెప్పింది. "ఒకే రాత రెండు చోట్ల కనిపిస్తే సెర్చ్ యంత్రం రెండూ చూపించదు. ఒకటి అసలు అనుకుంటుంది. రెండోది నకలని మూలన పడేస్తుంది. ఏది అసలో ఎలా తేలుస్తుందనుకుంటున్నావ్?"

"ముందు రాసింది అసలు."

"పాపం, అమాయకుడివి. ఎక్కువ సైట్లు లింకు పెట్టి వేలు చూపించింది అసలు. మీ హెచ్చరిక పేజీని మక్కీకి మక్కీ ఇంకో చోట పెట్టా. అక్షరం పొల్లు పోకుండా. బొమ్మలు ఇంకాస్త అందంగా. మీది మారితే క్షణాల్లో అదీ మారుతుంది. తర్వాత మీ మునిసిపాలిటీలకీ స్కీ క్లబ్బులకీ రాశా. ఈ చక్కటి హెచ్చరికల పెట్టె మీ సైట్‌లో పెట్టుకోండి, ఉచితం అని."

"పెట్టుకున్నారా?"

"ఉచితం అన్నాక ఆగుతారా మీవాళ్లు? ఊరూరా పెట్టుకున్నారు. ప్రతి పెట్టే నా నకలు వైపు వేలు చూపిస్తుంది."

"అసలు పేజీ ఊరుకుందా మరి?"

"దాన్ని కొత్తగా కట్టే కాంట్రాక్టు కూడా నాదే. తక్కువకి పాడుకున్నా." ఆమె నవ్వింది గానీ ఆ నవ్వులో హుషారు లేదు. "ప్రతి పేజీకీ నెత్తిన, మనుషులకి కనపడని రాత కొంత ఉంటుంది. యంత్రం చదువుకోడానికి. అందులో ఒక్క గీత చేర్చా. 'నేను నకలుని, అసలు ఫలానా చోట ఉంది' అని."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇల్లే ముందుకొచ్చి, అయ్యా నేను ఆ ఇల్లు కాను అని వాంగ్మూలం ఇచ్చింది. హాల్‌వర్ చల్లారిన కాఫీ గుటకేశాడు.

"ఆ నకలు అందరికీ అబద్ధం చెప్తే ఈపాటికి ఎవరో ఒకరు పట్టేవాళ్లు కదా?"

"అందరికీ నిజమే చెప్తుంది. యంత్రానికి, మీ చీఫ్‌కి, పోలీసులకి. వాళ్లు ఎంచుకున్న లోయలోంచి, పోయినేడు లెవాన్ ఉన్నచోటు, ఈసారి ఇది, అడిగినవాళ్లకి మాత్రం ప్రమాదం గురించిన ముక్కలు ఏరేసి, ఆకుపచ్చ పూసి చూపిస్తుంది. మిగతాదంతా తుచ తప్పకుండా నీ పేజీయే."

"తీసెయ్."

"తాళాలు వాళ్లు లాగేసుకున్నారు. నేను ఇప్పుడు రెండు పక్కలా పనికిరాని దాన్ని."

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావ్?"

ఇలోనా ఒలిచిన నారింజ అలాగే బల్ల మీద పెట్టేసింది. "వ్యాపార ప్రకటనల కోసం అన్నారు. నమ్మాను. లెవాన్ నాతో చదరంగం ఆడేవాడు. ఓడిపోయినప్పుడల్లా నవ్వేవాడు." కళ్లద్దాలు సర్దుకుని లేచి, వచ్చిన రైలెక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ చూడలేదు.

హాల్‌వర్ స్టేషన్ మెట్ల మీదే నిలబడి ఉపగ్రహ ఫోన్‌లో సెర్చ్ కంపెనీని పిలిచాడు. ముందు సంగీతం వచ్చింది. తర్వాత సెలవుల సందేశం. చాలాసేపటికి ఎవరో మనిషి దొరికాడు.

"రెండు పేజీలూ చూస్తున్నానండీ. ఒకేలా ఉన్నాయి. మా యంత్రం వాటిలో ఒకటి ఎంచుకుంది."

"అది ఎంచుకున్నది దొంగ పేజీ! అబద్ధం చెప్తోంది!"

"నాకు నిజమే కనిపిస్తోందండీ. నాలుగో స్థాయి, ఎరుపు."

"నీకు కాదయ్యా. లోయలో ఉన్నవాళ్లకి!"

"నేను లోయలో లేనండీ. మీ ఫిర్యాదు నమోదు చేశాను. సెలవులయ్యాక మావాళ్లు పరిశీలిస్తారు. ఇంకేమైనా సాయం కావాలా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంకాస్త ఫలితం ఉండేది. వాడు దుర్మార్గుడైనా బావుండేది, తిట్టుకోవచ్చు. పాపం, మర్యాదస్తుడు.

హెచ్చరిక కార్యాలయంలో పండగ డ్యూటీకి మిగిలిన మనిషి ఔదున్. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ అధికారి, మంచు పొరల గురించి తప్ప దేని గురించీ ఉద్రేకపడడు. హాల్‌వర్ ఫోన్లో చెప్పిందంతా విని, ఆ గీత వెతికి పట్టుకుని పీకేశాడు.

"తీసేశా బాబూ."

"యంత్రం దాన్ని ఎప్పుడు చూస్తుంది?"

"మళ్లీ ఇటు వచ్చినప్పుడు."

"ఎప్పుడొస్తుంది?"

"దేవుడి రాకైనా చెప్పగలను గానీ దాని రాక చెప్పలేను. అది సరే, ఆ వాలు మీద పాత మంచు గట్టిపడి అద్దంలా ఉంది. ఇప్పుడు దాని మీద కొత్తమంచు పడుతోంది. ఎండ కాస్తే మొత్తం ఊడి వస్తుంది. జడ్జిగారు దాని నడుం మీదుగానే ఎక్కాలి."

శుక్రవారమంతా తుపాను. సహాయక దళం వాళ్లు స్నో స్కూటర్ మీద అతన్ని కింది క్యాబిన్ దాకా తెచ్చి దించి, ఇంకెక్కడో ఎవరో తప్పిపోయారని కబురొస్తే వెళ్లిపోయారు. అక్కణ్ణించి పై క్యాబిన్‌కి ఎక్కడం మూడు గంటల పని, దిగడం అరగంట. హాల్‌వర్ ఒంటరిగా స్కీలు కట్టుకుని బయల్దేరాడు. ముందు చెయ్యి చాపితే వేళ్లు కనపడని తెల్లదనం. ఎంతోసేపు ఎక్కి ఎక్కి చివరికి ఒక స్కీ జాడ కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే అది తన జాడే. సమయానికి వెనుదిరగడంలో సిగ్గేమీ లేదని ఈ దేశంలో పిల్లలకి అక్షరాలకన్నా ముందు నేర్పుతారు. వెనుదిరిగాడు. సిగ్గు మాత్రం కొండంత వేసింది.

శనివారం పొద్దున లేచేసరికి ఆకాశం కడిగినట్టుంది. ఎండ. రెండు రోజులుగా క్యాబిన్‌లో మగ్గిన జనం ఇలాంటి ఎండ చూసి ఆగరు, తను ఎక్కే మూడు గంటలు అసలే ఆగరు. చీఫ్‌కి ఉపగ్రహ ఫోన్ కలిపాడు. హెలికాప్టర్లు రెండూ పడమటి తీరంలో బోల్తా పడిన బస్సు దగ్గరున్నాయి, మధ్యాహ్నానికి గానీ రావు. చీఫ్ రేడియోలో చెప్పించింది. పై క్యాబిన్‌లో రేడియో లేదు. జేబులో కలం లాంటి పరికరం ఉంటే నొక్కాడు. ఎర్ర వెలుగు తారాజువ్వలా లేచి, మధ్యలో ఉన్న కొండమలుపుకి ఇవతలే ఆరిపోయింది. అటువైపు చూసినవాళ్లు ఎవరూ లేరు.

కింది క్యాబిన్ గోడకి కూడా అలాంటి టాబ్లెట్టే ఉంది. లోయ పేరు కొట్టాడు. మొదట నకలే వచ్చింది. ఆకుపచ్చ. "ఒకటో స్థాయి. నిశ్చింతగా బయల్దేరండి." ఇప్పుడో ఇంకాసేపటికో పైన ఆ జడ్జి ఇదే పేజీ ముందు నిలబడుతుంది. ఔదున్‌కి ఫోన్ కలిపాడు.

"ఔదున్, పేజీ పైన పెద్ద అక్షరాలతో రాయండి. వాలు మీదకి వెళ్లొద్దు అని."

"రాశా."

నకలు తాజా అయింది. వాలు మాట లేదు. ఆకుపచ్చే ఉంది.

"ఈ పేజీ దొంగది, నమ్మొద్దు అని రాయండి."

"రాశా."

అదీ మాయం.

"ఇంట్లోనే ఉండండి, ఎవరూ కదలొద్దు అని రాయండి!"

"రాశా బాబూ, అరవకు."

మాయం. ప్రమాదం వాసన తగిలే ముక్కనల్లా ఆ పాడు నకలు ఎలుక పిండి కొట్టేసినట్టు కొట్టేస్తోంది. మిగతాదంతా, చలి ఎంత, గాలి ఎటు, కింద ఔదున్ పేరు, అన్నీ మక్కీకి మక్కీ. హాల్‌వర్ బెంచీ మీద కూలబడ్డాడు. దుఃఖం ముంచుకొచ్చింది. ఇలా చేతులు కట్టేసుకుని మనిషి చావు చూడటం ఒకసారి చాలదా?

"బాబూ, ఉన్నావా?" ఫోన్లో ఔదున్ గొంతు, ఏదో నములుతూ.

"ఏం తింటున్నారు మీరు?"

"సాసేజ్. చల్లారిపోయింది. పండగ డ్యూటీ చేసేవాళ్లకి ఉచితం అన్నారని ఒప్పుకున్నా ఈ డ్యూటీకి. ముప్పై ఏళ్ల సర్వీసు, ఒక సాసేజ్‌కి పడిపోయా."

హాల్‌వర్ లేచి నిలబడ్డాడు. ఉచితం అన్నాక ఆగుతారా మీవాళ్లు, అంది ఇలోనా.

"ఔదున్, నేను చెప్పింది రాయండి. కింది క్యాబిన్‌లో ఉచితంగా సాసేజ్‌లు పెడుతున్నారు."

"ఏమిటీ?"

"రాయండి!"

"ప్రభుత్వ హెచ్చరిక పేజీలో సాసేజ్‌లా? నా సర్వీసులో ఇలాంటి..."

"అందులో ప్రమాదం లేదు, కొండ లేదు, వద్దు అన్న మాట లేదు. నకలు దాన్ని ముట్టుకోదు. అక్షరం పొల్లు పోకుండా ఎత్తుకుంటుంది. ఎత్తుకోకపోతే అది నకలెలా అవుతుంది?"

అవతల కాసేపు నమలడం ఆగింది. తర్వాత కీబోర్డు చప్పుడు. ఔదున్ రాశాడు గానీ అధికారిగానే రాశాడు. "స్కార్వ్ లోయ సందర్శకుల దృష్టికి. ఈ ఉదయం కింది క్యాబిన్ నందు వేడి సాసేజ్‌లు ఉచితముగా పంచబడును. నిల్వ ఉన్నంత వరకే."

నకలు తాజా అయింది. ఆకుపచ్చ రంగు కింద, అందమైన అక్షరాలతో, సాసేజ్‌లు పంచబడును. పరాయి దేశపు గూఢచారి వ్యవస్థ, దాని సొమ్ము, దాని మేధావులు, అందరూ కలిసి ఆ వాక్యాన్ని మోసుకెళ్లి పై క్యాబిన్ గోడ మీద పెట్టారు.

ఇక చేసేదేమీ లేదు. హాల్‌వర్ గుమ్మంలో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. వాలు ఎండకి వెండిపళ్లెంలా మెరుస్తోంది. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆవిడకి సాసేజ్‌లు ఇష్టమో కాదో? ముందు శిఖరం, తర్వాత తిండి అనుకుంటే? ఈపాటికే వాలు మీద ఉంటే? ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతారంటారు గానీ, ఆ సామెత మీద ఒక నిండు ప్రాణాన్ని తాకట్టు పెట్టాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? దేవుణ్ణి పెద్దగా తలుచుకోని మనిషి, ఆ పూట తలుచుకున్నాడు.

మలుపులో ఒక ఎర్ర కోటు కనిపించింది. దాని వెనక ఇంకోటి. తర్వాత ముగ్గురు ఒకేసారి, ఒకరినొకరు దాటేస్తూ. అందరికన్నా ముందు కర్రలు టకటకలాడిస్తూ దూసుకొస్తున్న తెల్లజుట్టు మనిషిని చూసి హాల్‌వర్ గుమ్మాన్ని పట్టుకున్నాడు. కోర్టులో అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఆలోచించే జడ్జి మాగ్న్‌హిల్డ్ రోస్త్, నిల్వ అయిపోతుందేమోనని కుర్రాళ్లను మోచేత్తో నెట్టుకుంటూ వస్తోంది.

ఆమె క్యాబిన్ ముందు ఆగి, స్కీల గొళ్లెం విప్పడానికి వంగింది.

అప్పుడు మోగింది. ముందు తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు, తర్వాత లోయంతా ఊగే ఉరుము. వాలు వాలంతా దుప్పటి జారినట్టు జారి కిందికొచ్చింది. తెల్లటి పొడి లేచి సూర్యుణ్ణి కప్పేసింది. కాసేపటికి అది సద్దుమణిగింది. శిఖరానికి వెళ్లే దారి ఉండాల్సిన చోట దారి లేదు.

"పైన ఇంకా ఎవరైనా ఉన్నారా?" హాల్‌వర్ వచ్చినవాళ్ల తలలు లెక్కపెట్టాడు.

"ఒకడున్నాడు," అన్నాడు ఒక కుర్రాడు. "మాంసం తినడు. పక్క మీద పడుకుని హత్యల పుస్తకం చదువుకుంటున్నాడు."

జడ్జి చాలాసేపు ఆ వాలునే చూసింది. తర్వాత హాల్‌వర్ వైపు తిరిగింది. "సాసేజ్‌లేవి అబ్బాయ్?"

హాల్‌వర్ లోపలికి పరిగెత్తి సామాను గది వెతికాడు. అదృష్టం, డబ్బా సాసేజ్‌లు దొరికాయి. పొయ్యి వెలిగించి నీళ్లు కాచాడు.

"ఇవి డబ్బావి," అంది జడ్జి.

"అవునండీ."

"నంజుకోడానికి ఆవముద్ద?"

"లేదండీ."

"చుట్టుకోడానికి బంగాళాదుంప రొట్టె?"

"అదీ లేదండీ."

"ఇది పూర్తిగా తప్పుదారి పట్టించే ప్రకటన. నా కోర్టుకి వస్తే నీకు శిక్ష తప్పదు," అని ఆమె సాసేజ్ కొరికింది. నమిలింది. మింగింది. ఆ దవడ కదలడం చూస్తుంటే హాల్‌వర్‌కి కళ్లు నిండిపోయాయి. పొయ్యి పొగ అని సర్దిచెప్పుకున్నాడు. ఆమె ఇంకోసారి కిటికీలోంచి వాలు వైపు చూసి, ఇంకోటి వెయ్యమని పళ్లెం చాపింది.

మంగళవారం తీర్పు వచ్చింది. ఓడ ఎటూ పోలేదు. చీఫ్ సోల్వై కమిలిన ముక్కుతో ఆఫీసుకొచ్చి హాల్‌వర్ భుజం తట్టింది. అదే పూట సెర్చ్ కంపెనీ జవాబు కూడా వచ్చింది. ఆమె పైకి చదివింది.

"మీ ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించాము. రెండు పేజీలూ సాసేజ్‌ల ప్రకటనతో సహా అక్షరమక్షరం ఒకటేనని నిర్ధారించాము. కావున ప్రస్తుతం మొదట వస్తున్న పేజీయే ఇకపై కూడా అసలుగా కొనసాగుతుంది. మా సేవలు మీకు తృప్తి కలిగించాయా?"

చీఫ్ ఆ కాగితం మడిచి సొరుగులో పడేసింది.

"మళ్లీ ఈస్టర్ నాటికి ఏం చేద్దాం?" అంది చీఫ్.

"ఏముంది చీఫ్," అన్నాడు హాల్‌వర్. "ఈసారి ఆవముద్ద కూడా కొనండి."